గ్లామరు వెనుక గ్రామరు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మన సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు నకారా కేసు గుర్తుకొస్తుంది. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు, పింఛను అనేది ప్రభుత్వం దయతలచి పెట్టేది కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని తేల్చి చెప్పింది. దాని గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. కార్యదర్శిగారు నాతో "మీరు ఏదైనా తేలికపాటి విషయం చెప్పండి, భోజనాలకు ముందు జనం లేచిపోకుండా ఉండాలి" అన్నారు. అందుకని నేను జీవోలు గానీ, లెక్కలు గానీ తీసుకురాలేదు. ఒకే ఒక్క ఇంగ్లీషు మాట తెచ్చాను. ఆ మాట 'గ్లామరస్'.

నవ్వండి, ఫరవాలేదు. డెబ్బై అయిదేళ్లవాడికి ఈ మాటతో పనేమిటని మా ఆవిడ కూడా అడిగింది.

సంగతి ఇలా మొదలైంది. మొన్నీమధ్య పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే 1974లో తీయించుకున్న ఫోటో ఒకటి దొరికింది. నాకప్పుడు పాతికేళ్లు. బెల్‌బాటం ప్యాంటు, చెవుల మీదికి దిగిన జుట్టు, పక్కన స్టూడియోవాళ్ల పూలకుండీ. ఇంజనీరింగు చదువుతున్న మా మనవరాలు దాన్ని తన ఫోనులోకి ఎక్కించి, కింద 'మా గ్లామరస్ తాతయ్య' అని ఇంగ్లీషులో రాసి, చుట్టాలందరికీ పంపించింది. మా ఆవిడ చూసి "పూలకుండీ బాగుంది" అంది. నేనూ ఊరుకోలేక, ఆ రోజుల్లో అందరం గ్లామరస్‌గానే ఉండేవాళ్లమమ్మా అని జవాబు రాశాను. నిమిషం గడవకముందే మనవరాలి దగ్గరనుంచి కబురు. "తాతయ్యా, స్పెల్లింగ్ తప్పు. అందులో యూ ఉండదు."

అయ్యా, నేను 1971లో ఎల్.డి.సి.గా చేరి, 2007లో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ముప్ఫయ్యారేళ్లూ ఎర్రసిరాతో పక్కవాళ్ల స్పెల్లింగులు దిద్దడమే పని. నా వెనకాల నాకు 'స్పెల్లింగు సూపరింటెండెంటు' అని పేరు పెట్టారని కూడా తెలుసు. పెట్టినవారిలో ఇద్దరు ఇప్పుడు రెండో వరసలో ఉన్నారు. అటువంటివాణ్ణి ఒక ఆడపిల్ల ఫోనులో పట్టుకుంది. వెంటనే ఆక్స్‌ఫర్డు నిఘంటువు దించాను. ఆమె చెప్పిందే నిజం. 'గ్లామర్' అనే నామవాచకం చివర ఓ, యూ, ఆర్ ఉంటాయి. దాన్ని విశేషణం చేసి 'గ్లామరస్' అన్నప్పుడు ఆ యూ జారిపోతుంది. హ్యూమర్ నుంచి హ్యూమరస్, విగర్ నుంచి విగరస్ వచ్చినట్టే. యూ ఉంచి రాసే రూపం కూడా కొన్ని నిఘంటువుల్లో రెండో రూపంగా కనిపిస్తుంది గానీ, రెండో రూపాన్ని పట్టుకుని మనవరాలితో వాదించడం నాకు నచ్చలేదు. ఒప్పుకున్నాను.

కానీ నిఘంటువు తెరిచాక మూసే అలవాటు నాకు లేదు. ఈ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందా అని చూడబోతే, కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు.

ముందు అర్థం సంగతి చూద్దాం. తెలుగులో 'ఆకర్షణీయమైన' అంటాం, 'అందమైన' అంటాం. రెండూ సరిపోవు. అందం వేరు, గ్లామరు వేరు. రైతుబజారులో వంకాయలు ఏరుకుంటున్న ఆవిడ ఎంతైనా అందంగా ఉండవచ్చు, ఆ క్షణంలో ఆవిణ్ణి గ్లామరస్ అని ఎవరూ అనరు. గ్లామరుకు కాస్త దూరం కావాలి, దీపాలు కావాలి, చూసేవాడికి అందరానిదన్న భావం కలగాలి. దగ్గరికి వెళ్లి చూస్తే తగ్గిపోయేది గ్లామరు. అందం అలా కాదు, దగ్గరికి వెళ్లినకొద్దీ పెరగవచ్చు. ఇది నిఘంటువు చెప్పినది కాదు, నా సొంత అభిప్రాయం. అందుకే మన సినిమా పత్రికలవాళ్లు ఈ మాటను అనువదించే ప్రయత్నం మానేసి గ్లామరును గ్లామరుగానే ఉంచేశారు.

ఇక పుట్టుక. గ్లామరు అనే మాట గ్రామరు అనే మాటకు స్వయానా బిడ్డ. అవును, మనం బడిలో బెత్తం దెబ్బలు తిని నేర్చుకున్న ఆ గ్రామరే. నా కాలంవాళ్లందరికీ గ్రామరు అంటే 1935లో మొదట అచ్చయిన రెన్ అండ్ మార్టిన్ పుస్తకం. ఆ పుస్తకానికీ గ్లామరుకూ సంబంధం ఉందని మా ఇంగ్లీషు మాస్టారు చెప్పి ఉంటే మేం ఇంకాస్త శ్రద్ధగా చదివేవాళ్లం.

గ్రీకు భాషలో 'గ్రామ్మ' అంటే అక్షరం, రాసినది అని అర్థం. 'గ్రామ్మటికె' అంటే అక్షరవిద్య. అది లాటిన్లోకి వెళ్లి, ఫ్రెంచిలో రూపం మార్చుకుని, ఇంగ్లీషులో గ్రామర్ అయింది. మధ్యయుగాల ఐరోపాలో చదువు అంటే లాటిన్ చదువు. లాటిన్ వచ్చినవాళ్లు ఎంతమంది? మఠాల్లోవాళ్లు, చర్చివాళ్లు, వాళ్ల దగ్గర నేర్చుకున్న కొద్దిమంది. మిగతా జనానికి అక్షరం ముక్క రాదు. వాళ్ల కళ్లకు ఇది ఎలా కనిపించి ఉంటుందో ఆలోచించండి. ఒకాయన తోలు కాగితం మీద నల్లటి గీతలు గీస్తాడు. ఇరవై రోజుల ప్రయాణం దూరంలో ఇంకొకాయన ఆ గీతల్ని చూసి, మొదటాయన మనసులో ఏముందో పైకి చెప్తాడు. మధ్యలో మనిషి లేడు, నోరు లేదు. అది మంత్రం కాకపోతే మరేమిటి? అందుకని గ్రామరు అనే మాటకు 'చదువు' అనే అర్థంతోపాటు 'క్షుద్రవిద్య, గుప్తవిద్య' అనే అర్థం కూడా అంటుకుంది. ఫ్రెంచివాళ్లు ఇదే మాటను కాస్త వంకర తిప్పి 'గ్రిమ్వార్' అన్నారు. దానికి అర్థం మంత్రాల పుస్తకం.

స్కాట్లండులో ఈ మాటకు ఇంకో మార్పు వచ్చింది. గ్రామర్ అన్నప్పుడు రెండు రేఫలు పలకాలి. నాలుకకు అది శ్రమ. మొదటి రేఫ లకారంగా మారి గ్లామర్ అయింది. ఇదేదో ఇంగ్లీషువాళ్ల విడ్డూరం అనుకోకండి. మన పల్లెల్లో రబ్బరు బంతిని ఏమంటారు? లబ్బరు బంతి. సరిగ్గా అదే సూత్రం. మా ఆఫీసులో ఒక బంట్రోతు ఉండేవాడు, రబ్బరు స్టాంపు తెమ్మంటే లబ్బరు స్టాంపు తెచ్చేవాడు. మేమంతా నవ్వేవాళ్లం. ఒక భాషాశాస్త్ర సూత్రాన్ని చూసి నవ్వుతున్నామని మాకు తెలియదు.

గ్లామర్ అన్న ఈ స్కాటిష్ మాట 18వ శతాబ్ది మొదటి పాదంలోనే రాతలో కనిపిస్తుంది. అప్పుడు దాని అర్థం అందం కాదు, కనికట్టు. కన్నును కట్టేసేది. గారడీవాడు చూసేవాడి కళ్ల మీద గ్లామర్ 'వేస్తాడు', వేయగానే ఉన్నది లేనట్టూ లేనిది ఉన్నట్టూ కనిపిస్తుంది. మన తెలుగులో కనికట్టు అనే మాట ఉండబట్టి మనకిది ఒక్క ముక్కలో అర్థమైపోయింది గానీ, ఇంగ్లీషు నిఘంటువులవాళ్లు దీనికి నాలుగు వరసలు రాయవలసి వచ్చింది. రాబర్ట్ బర్న్స్ అనే స్కాట్లండు కవి 1789 నాటి ఒక పద్యంలో గ్లామరునూ గ్రామరునూ అంత్యప్రాసగా కలిపి వాడాడు. తల్లీబిడ్డల్ని పక్కపక్కన నిలబెట్టినట్టయింది. ఆ తరువాత ఈ మాటను ఇంగ్లీషు చదివే లోకమంతటికీ అలవాటు చేసినవాడు సర్ వాల్టర్ స్కాట్. 1805లో వచ్చిన 'ది లే ఆఫ్ ది లాస్ట్ మిన్‌స్ట్రెల్' అనే కథాకావ్యంలో ఆయన దీన్ని పాత అర్థంలోనే, కనికట్టు అనే అర్థంలోనే వాడాడు.

ఇక్కడ కాస్త ఆగుతాను. స్కాట్ మనవాడు. మనవాడు అంటే గుమాస్తా అన్నమాట. ఆయన నవలలు చదివినవాళ్లలో కూడా చాలామందికి తెలియని సంగతి ఇది. 1806 నుంచి 1830 దాకా ఆయన ఎడింబరోలో కోర్ట్ ఆఫ్ సెషన్ అనే పెద్ద కోర్టులో ప్రిన్సిపల్ క్లర్కుగా పనిచేశాడు. న్యాయమూర్తుల కింద బల్ల దగ్గర కూర్చుని కాగితాలు చూసే ఉద్యోగం. ఇంకా విచిత్రం వినండి. ఆ ఉద్యోగానికి అప్పట్లో పింఛను లేదు. అంతకుముందు ఆ కుర్చీలో ఉన్న వృద్ధుడు ఏం తిని బతకాలి? అందుకని ఒప్పందం ఏమిటంటే, పని స్కాట్ చేయాలి, జీతం ముసలాయన తీసుకోవాలి. అలా కొన్నేళ్లపాటు స్కాట్ జీతం లేకుండా పనిచేశాడు. ఈ రోజున ఈ సభలో ఈ సంగతి చెప్పకుండా దాటిపోవడం నావల్ల కాలేదు.

స్కాట్ తరువాత మాట మెల్లగా రంగు మార్చుకుంది. కనికట్టు పోయి, కనికట్టు లాంటి అందం అనే అర్థం 19వ శతాబ్దంలో వచ్చింది. గ్లామరస్ అనే విశేషణం ఆ శతాబ్దం చివరి పాదంలో పుట్టింది. 1930ల్లో హాలీవుడ్‌వాళ్లు దాన్ని తమ సొత్తు చేసుకున్నారు. అంతటితో మంత్రం సంగతి అందరూ మరిచిపోయారు.

పాత అర్థమూ కొత్త అర్థమూ ఒకేచోట చూడాలంటే మనం స్కాట్లండు దాకా వెళ్లనక్కర్లేదు. 1957లో వచ్చిన 'మాయాబజార్' చాలు. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించి పెళ్లివారింట్లో తిరుగుతాడు. చూసేవాళ్లకు కనిపించేది సావిత్రి, లోపల ఉన్నది ఎస్.వి. రంగారావు. అది స్కాటిష్ అర్థంలో గ్లామరు. ఆ సావిత్రిని చూడడానికి మనం రెండోసారి, మూడోసారి టిక్కెట్టు కొనడం హాలీవుడ్ అర్థంలో గ్లామరు. ఇంతకంటే మంచి ఉదాహరణ ఆక్స్‌ఫర్డువారికి దొరకదు.

మనిషి ఆకర్షణను చెప్పే ఇంగ్లీషు విశేషణాల్లో ఇటువంటి మంత్రపు మాటలు ఇంకా ఉన్నాయి. 'చార్మింగ్' అనేది లాటిన్‌లో పాటకూ మంత్రానికీ పేరైన 'కార్మెన్' నుంచి వచ్చింది. 'ఫాసినేటింగ్' అంటే మొదట్లో చేతబడి చేసే, దిష్టి కొట్టే అని. ఈసారి ఎవరినైనా ఫాసినేటింగ్ అని పొగిడేటప్పుడు జాగ్రత్త. కానీ అన్నిటిలోనూ నన్ను పట్టుకున్నది గ్లామరే. ఎందుకంటే మిగతా మాటలు పాటలోంచో చూపులోంచో వచ్చాయి. ఇదొక్కటే రాతలోంచి వచ్చింది. కాగితం, సిరా, అక్షరం. అంటే మన సెక్షన్లోంచి వచ్చింది.

ఈ దారిలో ఇంకొంచెం నడిస్తే 'స్పెల్' ఎదురవుతుంది. స్పెల్ అంటే మాటలోని అక్షరాలు వరసగా చెప్పడం, స్పెల్ అంటే మంత్రం కూడా. రెండిటికీ మూలం ఒకటే, పాత జర్మానిక్ భాషల్లో 'పలుకు' అని అర్థం వచ్చే మాట. ఇక 'క్లర్క్' అనే మాట చూడండి. అది 'క్లెరిక్' అనే మాటకు మారురూపం, అంటే చర్చికి చెందినవాడు. చదవడం రాయడం వాళ్లకే వచ్చు కాబట్టి, చదువు వచ్చిన ప్రతివాడూ క్లర్కయ్యాడు. మనల్ని ఎవరైనా 'వట్టి గుమాస్తా' అన్నప్పుడు ఈ చరిత్ర చెప్పవచ్చు.

ఆ చదువు విలువ ఎంతో చెప్పే ఉదంతం ఒకటుంది. ఇంగ్లండులో చర్చివాళ్లకు మామూలు కోర్టులు ఉరిశిక్ష వేయడానికి లేదనే ఏర్పాటు ఉండేది. మరి ఫలానావాడు చర్చివాడని ఎలా తెలుస్తుంది? చదవమంటారు. చదివితే చర్చివాడికింద లెక్క. మామూలుగా చదవమనేది బైబిలులోని 51వ కీర్తన మొదటి చరణం. అది చదివితే మెడ దక్కుతుంది కాబట్టి జనం దాన్ని మెడ చరణం అని పిలుచుకున్నారు. అక్షరం రానివాళ్లు దాన్ని కంఠస్థం చేసి చదివినట్టు నటించేవాళ్లట. బెన్ జాన్సన్ అనే ప్రసిద్ధ నాటకకర్త 1598లో కత్తియుద్ధంలో ఒక నటుణ్ణి చంపాడు. నేరం ఒప్పుకున్నాడు. చదవగలిగాడు కాబట్టి ఉరి తప్పించుకున్నాడు. అయితే ఈ సౌకర్యం రెండోసారి వాడుకోకుండా బొటనవేలి మీద వాత పెట్టి వదిలారు. అదే నేరం చేసిన చదువురానివాడు ఉరికంబం ఎక్కేవాడు. ఈ ఏర్పాటును పూర్తిగా రద్దు చేసింది 1827లో.

మన ఊళ్లలో కరణంగారిని చూస్తే రైతుకు ఎందుకంత భయం? కరణంగారి చేతిలో కత్తి లేదు, కవిలె కట్ట ఉంది. అందులో ఏం రాసి ఉందో ఆయనకే తెలుసు. 1984లో ఆ పదవులు తీసేసేదాకా ఆ భయం ఉంది. వ్యాకరణంలో కూడా కరణం ఉన్నాడని మా నాన్నగారు సరదాగా అనేవారు.

ఆ బెన్ జాన్సన్ బొటనవేలి దగ్గర నేను నిఘంటువు మూసేశాను. ఎందుకంటే నాకు ఇంకొక బొటనవేలు గుర్తుకొచ్చింది. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. కార్యదర్శిగారు తేలికపాటి విషయం అన్నారు, క్షమించాలి.

అది 1979. నేను యు.డి.సి.ని, పెన్షన్ కాగితాలు చూసే సీటు. ఏ ఆఫీసో చెప్పను. మా శాఖలోనే వేరే ఊళ్లో పనిచేస్తున్న అటెండరు ఒకాయన సర్వీసులో ఉండగా చనిపోయాడు. భార్యకు కుటుంబ పింఛను కోసం కాగితాలు నా బల్ల మీదికి వచ్చాయి. ఆమె అసలు పేరు చెప్పడం భావ్యం కాదు; సీతమ్మ అనుకుందాం. సర్వీసు రిజిస్టరులో ఆమె పేరు రెండు 'ఈ'లతో ఉంది. వారసత్వ ధ్రువపత్రంలో ఒక 'ఐ'తో, పైగా మధ్యలో 'హెచ్'తో ఉంది. తెలుగులో రాస్తే రెండూ సీతమ్మే. నేను ఇంగ్లీషులో నోటు పెట్టాను. హక్కుదారు ఎవరో నిర్ధారణ కాలేదు కాబట్టి కాగితాలు తిప్పి పంపవచ్చునని. వాక్యం బాగా కుదిరింది. సూపరింటెండెంటుగారు పక్కన 'గుడ్' అని రాశారు. ఆ కింది ఆఫీసుకు ఒక్క మెమో రాసి, ఇద్దరూ ఒకరేనని ధ్రువీకరించి పంపమని నేనే అడిగి ఉండవచ్చు. పదిహేను రోజుల పని. నాకు ఆ ఆలోచన రాలేదని అనను. వచ్చింది. తప్పు పట్టుకున్న సంతోషంలో పక్కన పెట్టాను.

రెండు నెలల తరువాత ఆమె రెండు బస్సులు మారి వచ్చింది. వెంట పద్నాలుగేళ్ల కొడుకు. నా బల్ల ముందు నిలబడి, "బాబూ, పుట్టినకాడినుంచీ నా పేరు సీతమ్మే. ఎప్పుడు మారిందయ్యా?" అని అడిగింది. వెటకారం కాదు. నిజంగా అడిగింది. మారి ఉంటే నాకు తెలిసి ఉంటుందని ఆమె నమ్మకం. నేను 'ఈ'ల సంగతీ 'హెచ్' సంగతీ వివరించాను. పురోహితుడు సంకల్పం చెప్తుంటే తల ఊపినట్టు ఊపింది. తరువాత, "ఇందులో నా పేరు ఎక్కడుందో చూపించు బాబూ" అంది. చూపించాను. ఆ అక్షరాల మీద వేలు ఆనించి, ఆ వేలు కళ్లకద్దుకుంది.

ఇప్పుడు మీకు తెలిసింది కదా, నేను గ్లామరు అనే మాట దగ్గర ఎందుకు ఇన్ని రోజులు కూర్చున్నానో. బెల్‌బాటం ఫోటోలో నాకు గ్లామరు లేదు. అది మా ఆవిడ చెప్పనే చెప్పింది. కానీ ఆ రోజు ఆ బల్ల వెనకాల ఉంది. పాత అర్థంలో, అసలు అర్థంలో ఉంది. ఆమె కళ్ల ముందు ఉన్నది ఇరవై తొమ్మిదేళ్ల కుర్రాడు, రెండు అక్షరాల తేడా. ఆమెకు కనిపించింది వేరు.

అఫిడవిట్టు, మళ్లీ ధ్రువపత్రం, మళ్లీ పైకి పంపడం, అన్నీ కలిసి పదకొండు నెలలు పట్టింది. పింఛను మంజూరయ్యాక ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి ఒక్కతే వచ్చింది. అబ్బాయేడమ్మా అంటే, బస్టాండు దగ్గర హోటల్లో పెట్టానయ్యా, ఇల్లు గడవాలి కదా అంది. బడి మాన్పించి ఆరు నెలలైందట. ఫిర్యాదుగా చెప్పలేదు, అడిగాను కాబట్టి చెప్పింది. సంచిలోంచి అరటిపళ్లు తీసి బల్ల మీద పెట్టి "అంతా మీ దయ బాబూ" అంది. నేను పళ్లు తీసుకోలేదు. తిరిగి సంచిలో పెట్టించాను. ఆ సాయంత్రం ఇంట్లో ఆ సంగతి గొప్పగా చెప్పుకున్నాను. అరటిపళ్లు తీసుకోలేదని చెప్పాను. పదకొండు నెలలు తీసుకున్న సంగతి చెప్పలేదు.

దయ కాదు, హక్కు అన్న తీర్పు వచ్చింది ఇంకో మూడేళ్లకు. అప్పటికే వచ్చి ఉన్నా ఆమెకు నేను చదివి వినిపించి ఉండేవాణ్ణని గట్టిగా చెప్పలేను. సూపరింటెండెంటు అయ్యాక మాత్రం, మనిషి బతికుండగానే సర్వీసు రిజిస్టరులో భార్య పేరు సరిచూడమని సెక్షనువాళ్ల ప్రాణం తీసేవాణ్ణి. ఎందుకో వాళ్లకు తెలియదు. స్పెల్లింగు పిచ్చి అనుకున్నారు.

ఇక ఆఖరి సంగతి. మనవరాలు నా స్పెల్లింగు దిద్దిన వారం, ఈ సీతమ్మ జ్ఞాపకం వేధిస్తుంటే, బీరువాలోంచి నా పి.పి.ఓ. తీసి చూశాను. అందులో మా ఆవిడ పేరు చివరి 'లక్ష్మి' ఇంగ్లీషులో 'ఎక్స్' అక్షరంతో ఉంది. ఆధార్ కార్డులో, బ్యాంకు పుస్తకంలో 'కె, ఎస్, హెచ్'లతో ఉంది. 2007లో ఆ ఫారాలు నింపింది ఎవరో కాదు, నేనే, నా చేత్తోనే. పదిహేడేళ్లకు పైగా ఆ కాగితం ఇంట్లోనే ఉంది, నేను చూడలేదు. రేపు నాకేమైనా అయితే ఒక బల్ల ముందు నిలబడి తన పేరు ఎప్పుడు మారిందో అడగవలసింది మా ఆవిడ. ఆమెకు చెప్తే, "నేనే ముందు పోతే ఈ గొడవే ఉండదుగా" అని కాఫీ కలపడానికి వెళ్లిపోయింది.

మర్నాడే దరఖాస్తు పట్టుకుని వెళ్లాను. కంప్యూటరు ముందున్న కుర్రాడు మంచివాడే, కుర్చీ వేయించాడు. కాగితాలు చూసి, "రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్టు తెండి సార్" అన్నాడు. తెచ్చి ఇచ్చాను. నంబరు వేసి రసీదు ఇచ్చాడు. ఇంకా రాలేదు.

మీరు ఇంటికి వెళ్లగానే పి.పి.ఓ., ఆధార్, పాస్‌బుక్కు మూడూ పక్కపక్కన పెట్టి మీ పేరూ, మీ ఇంట్లోవారి పేరూ అక్షరం అక్షరం సరిచూడండి. పుట్టినతేదీలు కూడా చూడండి. ఇంగ్లీషు సరిగా కనిపించనివాళ్లు మనవల చేత చూపించండి, వాళ్లు యూ ఉందో లేదో కూడా పట్టుకుంటారు. దరఖాస్తు నమూనా, అఫిడవిట్టు నమూనా ముప్ఫయి కాపీలు తీయించి తెచ్చాను. భోజనాల దగ్గర, మంచినీళ్ల బల్ల పక్కన నేనే నిలబడి ఉంటాను. కావలసినవారు అడిగి తీసుకోండి.